ఇవాళ చచ్చిపోదాం

"సాయంత్రం అయిదింటికి ఫైలు మూసేస్తున్నాను మేడమ్‌గారూ. ఈలోగా మీరెంత తవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు ఇనస్పెక్టరు ఫోనులో.

ఆ "మేడమ్‌గారూ"లో ఎంత వెటకారం ఉందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకే రోజు ఖాకీ వేసుకున్నవాళ్లం. ఎనిమిదేళ్ల కిందట నేను దాన్ని విప్పేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. అప్పట్నుంచీ నేను ఏ కేసులో వేలు పెట్టినా వాడికి ఒళ్లు మంట. ఫోను జేబులో పెట్టుకుని టైము చూశాను. ఒంటిగంటా పది.

ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చున్నావిడ నా మొహంలోకి చూసింది. నన్ను పిలిపించింది ఆవిడే. యాభై దాటాయి. ఆరు మిషన్లున్న ఈ కుట్టు షాపు ఆవిడదే. మూడు రోజులుగా షాపు మూసే ఉంది. అయినా పొద్దున్నే కొలతల టేపు మెళ్లో వేసుకుని వచ్చి ఇక్కడ కూర్చుంటోందట. బుధవారం మధ్యాహ్నం, షాపు వెనక గోడౌన్లో చనిపోయింది ఆవిడ చెల్లెలు.

ఆ చెల్లెలి అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. ఇరవై రెండేళ్లుగా అందరికీ ఆమె 'కేక'. 'తుప్పు' అనే పంక్ రాక్ బ్యాండుకి ప్రధాన గాయని. పాడేది అనడం కంటే అరిచేది అనడం సబబు. ఆ అరుపు వినడానికే జనం వచ్చేవాళ్లు. పంతొమ్మిదో ఏట కాలేజీ క్యాంటీన్లో బల్ల ఎక్కి పాడి రెండో పాటకే బయటికి గెంటించుకుంది. ఆ తర్వాత మూడు ఆల్బమ్‌లు, ఒక నిషేధం, స్టేజీ మీంచి జనంలోకి దూకి రెండుసార్లు విరగ్గొట్టుకున్న ముక్కు. ఆ తర్వాత మెల్లగా జనం పలచబడ్డారు. వెయ్యి మంది పట్టే హాళ్లు పోయి, చివరికి నలభై మంది నిలబడి వినే గదులు మిగిలాయి. ఆ నలభై మందికీ వెయ్యి మందికి అరిచినట్టే అరిచేదని చెబుతారు. నాలుగు నెలల కిందట పాట మధ్యలో గొంతు పోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మూడు నెలలు పెదవి విప్పొద్దన్నాడు. అక్క ఒక పలక, బలపాల డబ్బా కొనిచ్చింది.

పోలీసుల లెక్క ఇదీ. మధ్యాహ్నం రెండూ అయిదుకి కేక తన ఫోన్లోంచి బ్యాండులోని గిటారిస్టుకి "ఇవాళ చచ్చిపోదాం. నాలుగింటికి" అని మెసేజి పంపింది. అతను మూడూ యాభైకి వచ్చి చూస్తే నేల మీద పడి ఉంది. కుడి చేతిలో టేబుల్ లైటు వైరు, దాని పైతొడుగు ఒలిచేసి ఉంది. మూడూ యాభై అయిదుకి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. కరెంటు షాకుతో గుండె ఆగింది. గొంతు పోయిన గాయని, తన ఫోన్లోంచే పంపిన చావు కబురు. ఇంకేం కావాలి?

"బుధవారం పొద్దున ఏం జరిగిందో మళ్లీ చెప్పండి" అన్నాను.

"టీ పెడుతున్నాను. కంచం మీద చెంచాతో టకటకా కొట్టింది. గొంతు లేదు కదమ్మా, నన్ను పిలవాలంటే అలాగే పిలిచేది. నాకేమో తల పగిలిపోతోంది, ముప్పై యూనిఫారాలు ఇవ్వాలి. విసుగొచ్చి ఒక మాట అనేశాను."

"ఏమన్నారు?"

ఆవిడ టేపు కొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. 

"'నీ గొంతు పోవడమే మంచిదైంది, ఇన్నేళ్లకి ఇల్లు ఇల్లులా ఉంది' అన్నాను."

"ఆమె ఏం చేసింది?"

"నవ్వింది. పలక మీద 'థాంక్సు' అని రాసి చూపించి బయటికెళ్లిపోయింది. అంతే. అదే ఆఖరు."

 ఆవిడే మళ్లీ మొదలుపెట్టింది.

"మా ఇద్దరికీ మొదట్నుంచీ ఇదే గొడవమ్మా. స్టేజీకని మంచి చొక్కా కుట్టి ఇస్తే బ్లేడుతో చింపుకునేది. నేను కుట్టింది చింపితే నాకు ఊరుకోబుద్ధవుతుందా? అది నిద్రపోయాక మళ్లీ కుట్టేసేదాన్ని. పొద్దున లేచి మళ్లీ చింపేది. ఒక చొక్కా అయితే పదకొండు సార్లు. అంతే తప్ప దాని పాట వినడానికి ఒక్కరోజూ వెళ్లలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా. నాకు తెలియాల్సింది ఒక్కటే. నా మాట పట్టుకుని చచ్చిపోయిందా? ఏదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను ఏడుస్తానని దాచొద్దు."

"తెలిస్తే దాచను" అన్నాను. అలా మాట ఇవ్వడం నా తప్పు. "మధ్యాహ్నం గోడౌన్లోంచి ఏమైనా వినిపించిందా?"

"పాట వినిపించింది. పాత క్యాసెట్టేదో పెట్టుకుందనుకున్నా. ఇక్కడ ఆరు మిషన్లూ నడుస్తున్నాయి, అయినా గోడలోంచి వచ్చింది. 'తలుపు తెరు' అని అక్కడే ఆగిపోయింది, 'వు' అనకుండా. కరెంటు పోయిందేమో అనుకున్నా."

"మరి ఇక్కడ మిషన్లు ఆగాయా?"

ఆవిడ మిషన్ల వైపు చూసింది. "లేదు. నడుస్తూనే ఉన్నాయి."

"ఎన్నింటికి?"

"మూడూ ఇరవై. మూడుంబావుకి కాలర్లు మొదలుపెట్టాను. నాకు కాలరుకి మూడు నిమిషాలు పడుతుంది. రెండోది అవుతోంది."

"గిటారిస్టు ఎప్పుడొచ్చాడు?"

"పొడుగోడా? మూడూ నలభైకి. మిషన్లు ఆపి టీలు పోస్తున్నా. కిటికీలోంచి అటు సందులోకి వెళ్లడం చూశాను. పాపం, నవ్వుకుంటూ వెళ్లాడు."

పోలీసులకి అతను మూడూ యాభై అని చెప్పాడు. పది నిమిషాలు మాయం. తాళంచెవి తీసుకుని లేచాను.

గోడౌన్ గోడల నిండా గోనె బస్తాలు, వాటి నిండా కత్తిరింపు ముక్కలు. శబ్దం బయటికి పోకుండా అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి పేర్చారట. మధ్యలో నిలువు స్టాండు మీద మైకు. పక్కనే ఇంకో స్టాండు మీద నల్ల గిటారు. గోడవారగా బ్యాండువాళ్లు 'పెట్టె' అని పిలిచే ఆంప్లిఫయరు, గిటారు చప్పుడుని పెద్దది చేసే పాతకాలపు సరుకు. నేల మీద సుద్దతో పోలీసులు గీసిన గీత. వైరు ఒలిచిన టేబుల్ లైటు.

నేను వెతికింది క్యాసెట్ ప్లేయరు కోసం. మూలమూలా చూశాను. బస్తాల వెనక చేతులు పెట్టి చూశాను. క్యాసెట్టు లేదు, ప్లేయరు లేదు, పాట పెట్టుకునే సాధనం ఏదీ లేదు. ఆమె ఫోను కూడా ఆ టైములో మెసేజి తప్ప ఇంకేమీ పలకలేదని రిపోర్టులోనే ఉంది.

మైకు పక్కనే పలక ఉంది. దాని చెక్క చట్రంలో ఒక చీటీ దోపి ఉంది. గొంతు డాక్టరుది. బుధవారం తేదీ, పదకొండున్నర. "గాయం మానింది. రోజుకి పది నిమిషాలు పాడవచ్చు."

 మూడు నెలల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాటని తోడబుట్టిన అక్క గోడ అవతలినుంచి విని, క్యాసెట్టు అనుకుంది. అందులో ఆవిడ తప్పేముంది? ఆ గొంతు ఇక లేదనే అనుకుంటోంది కదా. అయినా నాకు కాసేపు కళ్లు సరిగా కనిపించలేదు.

కళ్లు తుడుచుకుని పోస్టుమార్టం రిపోర్టు తీశాను. ఎడమచేతి నాలుగు వేళ్ల కొసల మీద సన్నటి గీతల్లా కాలిన గుర్తులు. కింది పెదవి మీద ఒకటి. లైటు వైరు పట్టుకున్న కుడిచేతికి ఏమీ లేదు. మైకు జాలీ దగ్గరగా చూస్తే పెసరగింజంత మేర నల్లబడింది.

గిటారు పట్టీ కొలిచాను. గిటారిస్టుని పొడుగోడని ఊరికే అనరు, ఆరడుగుల రెండంగుళాల మనిషి. పట్టీ మాత్రం నా ఎత్తు మనిషికి సరిపోయేలా బిగించి ఉంది. నాదీ కేకదీ ఒకటే ఎత్తు. పెట్టె ప్లగ్గు గోడకి పెట్టి, స్విచ్చి వేసి, చెక్కబల్ల మీదికి ఎక్కి, టెస్టరు కొస గిటారు తీగకి ఆనించాను. టెస్టర్లో ఎర్రదీపం వెలిగింది.

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, దాని స్క్రూ విప్పాను. ప్లగ్గు లోపల మూడు తీగలుండాలి. రెండే బిగించి ఉన్నాయి. మూడోది, ఎర్తుకి పోయే ఆకుపచ్చ తీగ, కోసేసి ఉంది. కోసిన కొసకి దారం చుట్టి ఉంది. ఆకుపచ్చ తీగకి ఆకుపచ్చ దారమే, రంగు కలిపి మరీ. ఒత్తుగా చుట్లు చుట్టి, అడుగున ముడి వేసి, దారం కొస కనపడకుండా లోపలికి దోపారు.

ఎలక్ట్రీషియను అయితే టేపు చుడతాడు. బ్యాండువాళ్లయితే అలాగే వదిలేస్తారు. గుండీ కుట్టి, దాని కింద దారం మెడ చుట్టి ముడి వేసే అలవాటున్న చెయ్యి ఒక్కటే ఇలా చేస్తుంది. నేను ఒక బస్తా మీద కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో ఎన్నో ప్లగ్గులు విప్పాను, ఇది విప్పకుండా ఉంటే బాగుండేది.

పొడుగోడికి ఫోన్ చేస్తే మూడూ అయిదుకి వచ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి, తలుపులోంచి వంగి లోపలికి అడుగుపెట్టాడు. మైకు వైపు చూడలేకపోయాడు.

"గిటారు ఎవరిది?"

"నాదే మేడమ్."

"బుధవారం దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. స్టాండు మీదే ఉంది."

"అయితే ఈ మూడు రోజుల్లో నువ్వే అడుగు పొట్టయ్యావు. తగిలించుకో, చూద్దాం."

అతను పట్టీ వైపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వొచ్చింది మూడూ నలభైకి. ఫోన్ చేసింది మూడూ యాభై అయిదుకి. పావుగంట ఏం చేశావు?"

అతను చొక్కా గుండీ తడుముకున్నాడు.

"నేను చెప్పనా? గిటారు ఆమె మెడలో ఉంది. తీసి స్టాండు మీద పెట్టావు. లైటు వైరు ఒలిచి కుడిచేతిలో పెట్టావు. ఆమె ఎడమచేత్తో తీగలు పట్టుకుందని నీకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా కుడిచేతిలో పెట్టావంటే నీకు దొంగపనులు అలవాటు లేవు."

అతను నేల మీద కూలబడ్డాడు. సుద్దగీతకి బయటే, జాగ్రత్తగా.

"గిటారు నేనే నేర్పాను మేడమ్" అన్నాడు. "నోరు కట్టేస్తే ఊరుకునే మనిషి కాదు కదా. మూడు నెలలు రోజూ వచ్చి నేర్పాను. వేళ్లు కాయలు కాచాయని మురిసిపోయేది."

"ఆ మెసేజి?"

"అది చావు కబురు కాదు." అతను నవ్వబోయాడు, మూతి వంకరపోయింది. "ఇరవై రెండేళ్లుగా ప్రతి ప్రోగ్రాముకి ముందు అదే మాట. స్టేజీ ఎక్కేముందు కేక 'ఇవాళ చచ్చిపోదాం' అంటుంది, మేమందరం 'పదా' అంటాం. ఒంట్లో ఉన్నదంతా పాటకి పెట్టేద్దాం అని. మెసేజి చూసి రోడ్డు మీదే గంతేశాను. మూడు నెలల తర్వాత ఆ మాట! గొంతు వచ్చిందన్నమాట! 'పదా' అని తిరిగి పంపాను. నన్ను చూడగానే పాడి ఆశ్చర్యపరుద్దామని ముందే సాధన మొదలుపెట్టినట్టుంది."

"పోలీసులు అది ఆత్మహత్య అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావు."

"ప్లగ్గు విప్పి చూశాను మేడమ్. ఆ దారం చూశాను. ఇరవై ఏళ్లుగా నా చొక్కా గుండీలన్నీ ఆవిడే కుట్టింది, ఆ ముడి నాకు తెలియదా?"

అప్పుడు మొత్తం చెప్పాడు. షాపులో మిషన్లు తిరుగుతుంటే పెట్టె గుర్రు పెడుతుంది. ప్లగ్గులో ఆకుపచ్చ తీగ కోసేస్తే ఆ గుర్రు పోతుంది. బ్యాండువాళ్లందరికీ తెలిసిన కిటుకది. కోసేస్తే పెట్టెలో లీకైన కరెంటుకి భూమిలోకి పోయే దారి ఉండదు, గిటారు తీగల్లోకి వస్తుంది. మైకుకి ఎర్తు ఉంటుంది. చేతిలో తీగలు పట్టుకుని పెదవి మైకుకి ఆనిస్తే మనిషే దారి అవుతాడు.

"మేం ఇరవై ఏళ్లు అలాగే వాడాం. పెదవికి చురుక్కుమంటే పెట్టె ముద్దుపెట్టిందని నవ్వుకునేవాళ్లం. ఆ కిటుకు కేకకి నేర్పింది నేనే. ఆమె చేతికి గిటారు ఇచ్చాక నాకే భయమేసి కొత్త ప్లగ్గు, ఎర్తు పెట్టించాను. ఎందుకు పెట్టించానో మాత్రం చెప్పలేదు. భయస్తుడినని ఏడిపిస్తుందని. మళ్లీ గుర్రు మొదలైతే కేక వాళ్లక్కని అడిగినట్టుంది. కుట్టుమిషన్లు విప్పి బిగించే చెయ్యి కదా." అతను తల ఎత్తాడు. "ఆవిడకి తెలియకూడదు మేడమ్. చెల్లెల్ని తన చేత్తోనే చంపుకున్నానని తెలిస్తే బతకదు. గొంతు పోయిన బాధలో తనే చచ్చిపోయిందనుకుంటే ఏడుస్తుంది, కానీ బతుకుతుంది. అందుకే చేశాను."

నాకు ఒళ్లు మండింది. జాలి కూడా కలిగింది. రెండూ ఒకేసారి రావడం నాకు నచ్చదు.

"ఒరే నాయనా, ఆ పొద్దున ఆవిడ చెల్లెల్ని ఏమందో నీకు తెలుసా?" అని కంచం సంగతి, ఆ మాట సంగతి చెప్పాను. "నీ పుణ్యమా అని మూడు రోజులుగా ఆ మాటే చెల్లెల్ని చంపిందనుకుంటోంది. అన్నం ముట్టలేదు. మిషను ముందు కూర్చుని టేపు చుట్టుకుంటోంది. నువ్వు ఆవిణ్ణి కాపాడలేదు."

రెండు చేతులతో మొహం కప్పుకుని అతను ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. అంత పొడుగు మనిషి అంత చిన్నగా ముడుచుకుపోవడం అంతకుముందు చూడలేదు.

నాలుగూ పదికి ఇనస్పెక్టరు దిగాడు. నేనేదో కెలుకుతున్నానని వాసన పట్టినట్టున్నాడు.

"తవ్వడం అయిందా మేడమ్‌గారూ? ఏమైనా బయటపడిందా?"

"నీ రిపోర్టు నువ్వు చదివావా?"

"నేను రాసింది నేనే చదవాలా?"

"చదివితే తెలిసేది. వైరు కుడిచేతిలో ఉంటే గాయాలు ఎడమచేతికి ఎలా వచ్చాయి? పెదవి మీద ఎలా వచ్చింది, వైరు కొరికిందా?"

"షాక్ కొట్టినప్పుడు మనిషి గిలగిలా కొట్టుకుంటాడు. ఎక్కడ పడితే అక్కడ తగులుతుంది."

"మరి ఆ మెసేజి? 'చచ్చిపోదాం' అందయ్యా. 'చచ్చిపోతాను' అనలేదు. ఒంటరిగా చావబోయే మనిషి 'దాం' అంటుందా? సినిమాకి పోదాం అన్నట్టు? దానికి ఇతను 'పదా' అన్నాడు. తెలుగు వచ్చినవాడివేగా, ఆ మాత్రం తట్టలేదా?"

వాడు ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే తేరుకున్నాడు. "అయితే ఇద్దరూ కలిసి చద్దామనుకున్నారు. ఈయనగారు ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చాడు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాట్లాడకుండా ప్లగ్గు మూసి, గోడకి పెట్టి, టెస్టరు తీగకి ఆనించి చూపించాను. డాక్టరు చీటీ ఇచ్చాను. పట్టీ చూపించాను. మూడూ ఇరవైకి సగంలో తెగిన పాట, ఆగని మిషన్లు, అన్నీ వరసగా చెప్పాను. వాడు మొండివాడే గానీ మొద్దు కాదు. చీటీ రెండుసార్లు చదివాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"డాక్టరు పాడొచ్చన్న రోజునే చచ్చిపోయిందా?" అన్నాడు మెల్లగా. ఎనిమిదేళ్లలో మొదటిసారి వాడి గొంతులో వెటకారం లేదు.

ఆ మెత్తదనం అరనిమిషం నిలిచింది. చూపు పొడుగోడి మీదికి మళ్లింది. "అయితే ఎవరో కావాలని ఎర్తు తీసేశారు. శవం దగ్గర వస్తువులు మార్చింది నువ్వు. పెట్టె నీది, గిటారు నీది. ఇది హత్య."

"అవును సార్" అన్నాడు పొడుగోడు లేచి నిలబడి. "నేనే కోశాను."

 ఇనస్పెక్టరు నోట్‌బుక్కు తెరిచాడు. "ఎప్పుడు కోశావు?"

"మంగళవారం."

"ఎందుకు?"

"పడేది కాదు మాకు."

పడేది కాదట! పొడుగోడు నా వైపు చూశాడు. ఊరుకోండి మేడమ్, అని కళ్లతోనే బతిమాలాడు. నిజం చెప్పాలంటే నేను ఊరుకోబోయాను. లెక్క సులువుగానే ఉంది మరి. ఇతను ఒప్పుకుంటే ఆ అక్కకి తన మాట వల్ల చెల్లెలు చావలేదని తెలుస్తుంది. తన చేతి సంగతి ఎప్పటికీ తెలియదు. ఇతను ఇస్తానంటున్నది తన జీవితం, ఆవిడకి మిగిలేది ఇంత నిద్ర. అబద్ధానికి ఎదురుగా నిలబడి నోరు మూసుకోవడం నా వృత్తిలో లేదు. ఆ పూట మాత్రం నా నోరు పెగల్లేదు. ప్లగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అది ఇంకా విప్పే ఉంది, టెస్టరు చూపించాక కోసిన తీగ చూపించడానికి మళ్లీ విప్పి, మూయడం మరిచిపోయాను.

"ఇంకోసారి స్పష్టంగా చెప్పు. వైరు కోసింది ఎవరు?" అన్నాడు ఇనస్పెక్టరు రాసుకుంటూ.

"నేనే సార్. ఆ వైరు కోసింది నేనే."

"ఏ వైరు తమ్ముడూ?"

గుమ్మంలో అక్క. చేతిలో పళ్లెం, మూడు గ్లాసుల టీ. మా మాటలు ఎంతవరకు విన్నదో తెలియదు, ఆఖరి మాట మాత్రం విన్నది. పళ్లెం పెట్టె మీద పెట్టి నా చేతిలోకి చూసింది. ఆ దారం చూడగానే మూడు రోజులుగా చచ్చిపడి ఉన్న ఆవిడ మొహం కొంచెం తేరుకుంది.

"అదా? అది నువ్వు కోయడమేంటి తమ్ముడూ, నేను కదా కోశాను! మంగళవారం సాయంత్రం, చెల్లి నా పక్కనే కూర్చుని పలక మీద రాసి చూపిస్తుంటే. 'గుర్రు పెడుతోందక్కా, ఆకుపచ్చది తీసెయ్యి' అని. చేతికి గుచ్చుకుంటుందని దారం కూడా చుట్టాను." ఆవిడ నా వైపు తిరిగింది. "నా జన్మలో దాని పాటకి నేను చేసిన సాయం ఇదొక్కటేనమ్మా. గుర్రు పోయేసరికి ఎంత సంతోషపడిందో! నా మెడ పట్టుకుని ఊపేసింది. మీకు చెప్పలేదు కదూ? ఆ మాట ఒక్కటే గుర్తుకొస్తోంది తప్ప ఇది గుర్తే రాలేదు చూడండి."

ఇనస్పెక్టరు కలం ఆగిపోయింది. పొడుగోడు గోడ వైపు తిరిగాడు.

ఆవిడ ముగ్గురి మొహాలూ చూసింది. తర్వాత ప్లగ్గు చూసింది, గిటారు చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఏంటమ్మా?" అంది. "నేను చేసింది మంచిపనే కదా?"